ఆప్టేన్ పర్సిస్టెంట్ మెమరీని కమాండ్ లైన్ నుంచే సెట్ చేసుకోవడం: స్లాట్ నుంచి మౌంట్ దాకా

పాత సర్వర్లు కొని నడిపించుకునే చిన్న ఆఫీసులకు, కాలేజీ ల్యాబులకు ఇంటెల్ ఆప్టేన్ పర్సిస్టెంట్ మెమరీ మాడ్యూల్స్ ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో అందుబాటులోకి వచ్చాయి. చూడ్డానికి మామూలు ర్యామ్ స్టిక్‌లాగే ఉంటాయి, డీడీఆర్4 స్లాట్‌లోనే కూర్చుంటాయి, కానీ కరెంటు పోయినా అందులో రాసింది పోదు. 2019 ఏప్రిల్‌లో సెకండ్ జనరేషన్ జియాన్ స్కేలబుల్ ప్రాసెసర్లతో పాటు మార్కెట్లోకి వచ్చాయి. 2022 జూలైలో ఇంటెల్ ఈ వ్యాపారమే మూసేస్తున్నట్టు చెప్పేసింది. అందుకే హైదరాబాద్‌లో డేటా సెంటర్ల నుంచి దిగిన సర్వర్లు హనుమకొండకో కరీంనగర్‌కో వచ్చినప్పుడు కొన్నిట్లో ఈ మాడ్యూల్స్ కూడా ఉంటున్నాయి, కొన్నవాళ్లకేమో వాటితో ఏం చేయాలో తెలియక అలాగే వదిలేస్తున్నారు. ఆన్ చేసి చూస్తే ర్యామ్‌లో లెక్కకు రావు, డిస్క్‌గానూ కనిపించవు. పాడైపోలేదు, వాటిని ఎలా వాడాలో మనం ఇంకా చెప్పలేదు, అంతే.

ఒక్క ముక్క ముందే బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. ఇందులో రెండు అంచెలున్నాయి. మొదటిది హార్డ్‌వేర్ అంచె: మాడ్యూల్‌లో ఎంత భాగం ర్యామ్‌గా, ఎంత భాగం శాశ్వత నిల్వగా పనిచేయాలో నిర్ణయించేది. దాని టూల్ ఐపీఎంసీటీఎల్. రెండోది లినక్స్ అంచె: ఆ శాశ్వత భాగాన్ని ముక్కలు చేసి డివైస్‌లుగా చూపించేది. దాని టూల్ ఎన్‌డీసీటీఎల్. మన దగ్గర వెంచర్ వేసినట్టు అనుకోండి: రీజియన్ అంటే మొత్తం భూమి, నేమ్‌స్పేస్ అంటే అందులో కొట్టిన ప్లాటు, ఫైల్‌సిస్టమ్ అంటే ప్లాటులో కట్టిన ఇల్లు. భూమి హద్దులు మార్చాలంటే ఇళ్లన్నీ కూలగొట్టాల్సిందే, ప్లాటు మార్చాలంటే ఆ ప్లాటులో ఇల్లు మాత్రమే పోతుంది. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, ఒక అంచెలో చేయాల్సిన పనిని ఇంకో అంచె టూల్‌తో చేయబోయి.

కమాండ్లను ఇక్కడ నోటితో చదివినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, ఒక గీత ఉన్నచోట ఒకటి, రెండు గీతలున్నచోట రెండు. ఐపీఎంసీటీఎల్‌కు చిన్న అక్షరం పెద్ద అక్షరం తేడా లేదు, మిగతా లినక్స్ కమాండ్లకు ఉంది. అన్నీ రూట్‌గానే నడపాలి.

డబ్బులిచ్చే ముందు చూసుకోవాల్సినవి

ఏఎండీ సర్వర్‌లో ఇవి పనిచేయవు. ఇంటెల్‌లోనూ అన్ని ప్రాసెసర్లలో పనిచేయవు: సెకండ్ జనరేషన్‌లో గోల్డ్, ప్లాటినం ఉంటే పర్వాలేదు, బ్రాంజ్ అయితే ఆశ వదులుకోండి, సిల్వర్‌లో 4215 లాంటి ఒకటీ అరా తప్ప లేదు. 100 సిరీస్ మాడ్యూల్స్ సెకండ్ జనరేషన్‌కు, 200 సిరీస్ థర్డ్ జనరేషన్‌కు. ఒకదాని బదులు ఇంకొకటి పెడతామంటే కుదరదు.

ఇంకో తిరకాసు, దీన్ని చాలామంది పట్టించుకోరు: సెకండ్ జనరేషన్‌లో మామూలు మోడల్ ప్రాసెసర్‌కు ఒక సాకెట్‌కు (ప్రాసెసర్ కూర్చునే చోటు) 1 టీబీ మెమరీ మించకూడదు, పేరు చివర ఎల్ ఉన్నవాటికి 4.5 టీబీ దాకా కుదురుతుంది. ఈ లెక్కలో ర్యామ్, ఆప్టేన్ రెండూ కలుస్తాయి. మాడ్యూల్స్ 128, 256, 512 జీబీ సైజుల్లో వచ్చాయి. ఒక సాకెట్‌కు ఆరు ఛానెళ్లు (ప్రాసెసర్ నుంచి మెమరీకి వెళ్లే దారులు), ఛానెల్‌కు ఒక్క ఆప్టేనే, అంటే గరిష్ఠంగా ఆరు. ఆరు 128లు, ఆరు 32 జీబీ ర్యామ్ స్టిక్‌లు పెడితే 768 ప్లస్ 192, మొత్తం 960, లిమిట్ లోపలే. అదే 256వి ఆరు పెడితే ర్యామ్ కలపకుండానే 1.5 టీబీ అవుతుంది, మామూలు ప్రాసెసర్ ఉంటే అంత మెమరీ మీకు అందదు. అందుకే ఈ గైడ్ మొత్తం సాకెట్‌కు ఆరు 128ల లెక్కతోనే పోతున్నాను.

ఆప్టేన్ ఒక్కటే పెట్టి సర్వర్ ఆన్ చేయడం కుదరదు, పక్కన ర్యామ్ ఉండాల్సిందే. ఏ స్లాట్‌లో ఏది అనేది సర్వర్ మాన్యువల్‌లో ఉన్న పట్టిక ప్రకారం పెట్టండి. మూత లోపలి వైపు అతికించిన బొమ్మలో కూడా సాధారణంగా ఉంటుంది. సొంత తెలివి వాడే చోటు కాదిది.

కరెంటు లెక్క కూడా చూసుకోండి. ఒక్కో మాడ్యూల్ 12 నుంచి 18 వాట్ల దాకా తాగుతుంది. రెండు సాకెట్లకు పన్నెండు పెడితే అవే 200 వాట్ల పైచిలుకు దాకా పోవచ్చు. మే నెలలో రామగుండం, వరంగల్ ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే కదా, సర్వర్ రూమ్ ఏసీ, యూపీఎస్ రెండింటి మీదా ఆ భారం పడుతుంది.

టూల్స్ పెట్టుకోవడం

ఉబుంటులో:

ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐపీఎంసీటీఎల్ ఎన్‌డీసీటీఎల్ డాక్స్‌సీటీఎల్

రాకీ, అల్మా 8 లాంటివాటిలో ఎన్‌డీసీటీఎల్ నేరుగా దొరుకుతుంది, ఐపీఎంసీటీఎల్ కోసం ఈపీఈఎల్ అనే అదనపు ప్యాకేజీల రిపో కలుపుకోవాలి. మీ డిస్ట్రోలో ఆ ప్యాకేజీ దొరక్కపోతే టెన్షన్ పడొద్దు, ఇదే టూల్‌కు యూఈఎఫ్ఐ షెల్‌లో (లినక్స్ మొదలవకముందే సర్వర్ ఇచ్చే కమాండ్ స్క్రీన్) నడిచే రూపం ఉంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బూట్ అయ్యేముందే పని ముగించొచ్చు. హార్డ్‌వేర్ అంచె పని ఒకసారి చేస్తే మళ్లీ మళ్లీ చేసేది కాదు కాబట్టి అదేమంత ఇబ్బంది కాదు. బయోస్ మెనూలో కూడా ఇవే సెట్టింగులు ఉంటాయి, కానీ పది సర్వర్లుంటే మెనూల్లో తిరగడం కంటే కమాండే నయం.

ముందు చూడండి, తర్వాతే ముట్టుకోండి

ఐపీఎంసీటీఎల్ షో -డిమ్

పట్టిక వస్తుంది. 128 జీబీ మాడ్యూల్‌కు కెపాసిటీ 126.4 జీఐబీ (1024 లెక్కన కొలిచే జీబీ) అని కనిపిస్తుంది. మోసపోయామని అనుకోకండి, అంతే ఉంటుంది. అదే వరుసలో హెల్త్‌స్టేట్ అనే చోట హెల్దీ అని ఉండాలి, లాక్‌స్టేట్ దగ్గర డిజేబుల్డ్, సెక్యూరిటీ పెట్టలేదని అర్థం. అక్కడ లాక్డ్ అని ఉంటే పాత ఓనరు పాస్‌ఫ్రేజ్ పెట్టి మర్చిపోయాడన్నమాట. ఆ పాస్‌ఫ్రేజ్ లేకుండా అందులోకి వెళ్లలేరు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే ఈ ఒక్క పట్టిక ఫొటో తెప్పించుకున్నాకే డబ్బులు పంపండి.

ఐపీఎంసీటీఎల్ షో -సెన్సర్

ఇది ఇంకా ముఖ్యం. ప్రతి మాడ్యూల్‌కూ పర్సెంటేజ్‌రిమైనింగ్ అని ఒక అంకె ఉంటుంది, ఆ మాడ్యూల్‌కు ఇంకా ఎంత ఆయుష్షు మిగిలిందో అది. కింద మీడియాటెంపరేచర్, కంట్రోలర్‌టెంపరేచర్, ఎన్ని గంటలు నడిచిందో పవర్‌ఆన్‌టైమ్. ఇంకొంచెం కిందికి వస్తే డర్టీషట్‌డౌన్‌కౌంట్ అనేవి కనిపిస్తాయి. కరెంటు పోయినప్పుడు మాడ్యూల్ తన పని సవ్యంగా ముగించలేకపోయిన సందర్భాల లెక్క ఇది. ఈ రోజు ఎంత ఉందో ఎక్కడైనా రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఐపీఎంసీటీఎల్ షో -టోపాలజీ

ఏ స్లాట్‌లో ఏది ఉందో చెబుతుంది. స్క్రూడ్రైవర్ కింద పెట్టేముందు దీన్ని మాన్యువల్‌తో సరిపోల్చండి.

ఐపీఎంసీటీఎల్ షో -మెమరీరిసోర్సెస్

కొత్తగా పెట్టిన మాడ్యూల్స్ అయితే వొలటైల్ (ర్యామ్‌గా వాడే భాగం), యాప్‌డైరెక్ట్ (శాశ్వత నిల్వ భాగం) రెండింటి దగ్గరా ఆప్టేన్ లెక్క సున్నా ఉంటుంది. కాన్ఫిగర్ చేశాక కూడా ఇనాక్సెసిబుల్ అన్న చోట పెద్ద అంకె కనిపిస్తే, పైన చెప్పిన ప్రాసెసర్ లిమిట్ కానీ స్లాట్ పొరపాటు కానీ అయ్యుంటుంది.

ఫర్మ్‌వేర్ అన్నిట్లో ఒకటే ఉందా అని ఐపీఎంసీటీఎల్ షో -ఫర్మ్‌వేర్ చెబుతుంది. నాలుగు చోట్ల నుంచి పోగుచేసిన మాడ్యూల్స్ అయితే ఒకటే ఉండే అవకాశం తక్కువ. సర్వర్ కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్‌తో అన్నీ ఒకే వెర్షన్‌కు తెచ్చాకే ముందుకు పోండి, అప్‌డేట్ తర్వాత మామూలు రీస్టార్ట్ కాకుండా పవర్ పూర్తిగా ఆపి మళ్లీ ఇవ్వండి.

ఏ మోడ్? ఇక్కడ తొందరపడొద్దు

మెమరీ మోడ్‌లో పెడితే ఆప్టేన్ మొత్తం ర్యామ్‌గా కనిపిస్తుంది, అసలు ర్యామ్ దానికి క్యాష్‌గా (తరచూ వాడేది దగ్గర పెట్టుకునే వేగమైన చోటుగా) మారిపోతుంది. అప్లికేషన్లలో ఏమీ మార్చనక్కర్లేదు. కానీ ఈ మోడ్‌లో కరెంటు పోతే డేటా పోతుంది, మామూలు ర్యామ్ లాగానే. కాజీపేట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, 192 జీబీ ర్యామ్ పెట్టిన, రీబూట్ అయినంక ఫ్రీ కమాండ్‌ల అది కలుస్తలేదు, స్టిక్‌లు పోయినయా?" అని అడిగాడు. ఏదీ పోలేదు. క్యాష్ అయింది కాబట్టి మొత్తంలో లెక్కలోకి రాదు, సాకెట్‌కు 756 జీఐబీ దగ్గర్లో ఆప్టేన్ ఒక్కటే కనిపిస్తుంది. ర్యామ్ ఒక వంతుకు ఆప్టేన్ నాలుగు వంతులుంటే ఈ మోడ్ బాగా నడుస్తుంది. ర్యామ్ మరీ తక్కువ పెడితే క్యాష్ చాలక సర్వర్ ఈడుస్తుంది.

యాప్ డైరెక్ట్‌లో ర్యామ్ ర్యామ్‌లాగే ఉంటుంది, ఆప్టేన్ వేరుగా శాశ్వత నిల్వ అవుతుంది. అసలు ఈ మాడ్యూల్స్ పుట్టిందే దీనికోసం. శాప్ హనా లాంటి డేటాబేస్‌లు దీన్ని నేరుగా వాడుకుంటాయి. వేగం సంగతి చెప్పాలంటే, ర్యామ్ నుంచి చదవడానికి సుమారు 80 నుంచి 100 నానోసెకండ్లు పడితే ఆప్టేన్‌లో అక్కడా ఇక్కడా దూకుతూ చదివితే 300 దాకా పడుతుంది. మంచి ఎన్‌వీఎంఈ డిస్క్‌కు అదే పని పదుల మైక్రోసెకండ్లు. రాసేటప్పుడు లోపల 256 బైట్ల గడులుగా రాస్తుంది కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా చెల్లాచెదురుగా రాసే ప్రోగ్రామ్‌లకు మీరు ఊహించినంత వేగం రాదు.

రెండూ కలిపి సగం సగం పెట్టుకునే వీలూ ఉంది. చిన్న చోట్ల అది వద్దనే నేనంటాను. ఏది నెమ్మదించినా కారణం వెతకడం తలనొప్పి. ర్యామ్ సరిపోవట్లేదన్నదే మీ బాధ అయితే, లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌ను నడిపించే అసలు భాగం) 5.1 లేదా ఆపైది ఉంటే, యాప్ డైరెక్ట్ పెట్టి దాన్ని లినక్స్ వైపు నుంచి ర్యామ్‌గా మార్చుకోవడం మేలు, ఎలాగో కింద చెబుతాను.

గోల్ పెట్టడం

రెండు సాకెట్లలో ఉన్న మొత్తం ఆప్టేన్‌ను యాప్ డైరెక్ట్‌కు ఇవ్వాలంటే:

ఐపీఎంసీటీఎల్ క్రియేట్ -గోల్ పర్సిస్టెంట్‌మెమరీటైప్=యాప్‌డైరెక్ట్

ఒక పట్టిక చూపించి, ఇలా చేయమంటారా అని అడుగుతుంది. ప్రతి వరుసలో మెమరీసైజ్ సున్నా, యాప్‌డైరెక్ట్1సైజ్ 126 జీఐబీ ఉందో లేదో చూసి వై కొట్టండి. స్క్రిప్టులో పెట్టుకునేవాళ్లు ప్రశ్న రాకుండా చివర -ఎఫ్ పెడతారు. డేటా ఉన్న సర్వర్‌లో ఆ అలవాటు పనికిరాదు.

ఇది ఇంకా జరగలేదు. పేరులోనే ఉంది కదా, గోల్. రీబూట్‌లో బయోస్ దీన్ని చదివి అమలు చేస్తుంది. అప్పటిదాకా మనసు మార్చుకోవచ్చు: ఐపీఎంసీటీఎల్ షో -గోల్ అని చూసుకోవచ్చు, ఐపీఎంసీటీఎల్ డిలీట్ -గోల్ అని రద్దు చేసుకోవచ్చు. రీబూట్ అయ్యాక మాత్రం వెనక్కి దారి లేదు, పాత రీజియన్లలో ఏమున్నా పోయినట్టే. ఇప్పటికే నేమ్‌స్పేస్‌లు ఉంటే ముందు వాటిని బ్యాకప్ తీసి, తొలగించి, తర్వాతే కొత్త గోల్.

మెమరీ మోడే కావాలనుకుంటే కమాండ్ ఇది:

ఐపీఎంసీటీఎల్ క్రియేట్ -గోల్ మెమరీమోడ్=100

సగం సగం అయితే మెమరీమోడ్=50 పెట్టి దాని పక్కన పర్సిస్టెంట్‌మెమరీటైప్ కూడా ఇవ్వాలి.

ఇంకో ఆప్షన్ ఉంది, యాప్‌డైరెక్ట్ బదులు యాప్‌డైరెక్ట్‌నాట్‌ఇంటర్‌లీవ్డ్. మామూలు పద్ధతిలో ఒక సాకెట్‌లోని ఆరు మాడ్యూల్స్ కలిసి ఒకే రీజియన్ అవుతాయి, డేటా ఆరింటి మీదా పరుచుకుంటుంది, వేగం బాగా వస్తుంది, కానీ ఆరింట్లో ఒక్కటి చచ్చినా మొత్తం రీజియన్ పోతుంది. నాట్ ఇంటర్‌లీవ్డ్ పెడితే మాడ్యూల్‌కో రీజియన్, ఒకటి పోతే అది ఒక్కటే పోతుంది, వేగం తగ్గుతుంది. సెకండ్‌హ్యాండ్ మాడ్యూల్స్, అందులోనూ ఆయుష్షు అంకెలు ఒక్కోటి ఒక్కోలా ఉన్నవి అయితే నేను రెండోదానికే ఓటేస్తాను. ఇక్కడ నుంచి మాత్రం ఇంటర్‌లీవ్డ్ లెక్కే చెబుతున్నాను, ఎక్కువమంది వాడేది అదే.

రీబూట్ కొట్టండి. మొదటిసారి మామూలు కంటే ఎక్కువ సేపు పడుతుంది, స్క్రీన్ మీద ఏమీ కదలట్లేదని పవర్ బటన్ నొక్కొద్దు.

రీజియన్ వచ్చిందా?

ఐపీఎంసీటీఎల్ షో -రీజియన్

సాకెట్‌కు ఒక వరుస. ఆరు 128లకు 756 జీఐబీ ఉండాలి, ఫ్రీ కెపాసిటీ కూడా అంతే ఉండాలి. లినక్స్ వైపు నుంచి అదే విషయం:

ఎన్‌డీసీటీఎల్ లిస్ట్ --రీజియన్స్ --హ్యూమన్

రీజియన్0, రీజియన్1 అని రెండు కనిపిస్తాయి. రెండు సాకెట్లనూ కలిపి ఒకే రీజియన్ చేయడం హార్డ్‌వేర్‌లో కుదరదు. రీజియన్ ఫ్రీ సైజ్ సున్నా చూపిస్తే పాత ఓనరు నేమ్‌స్పేస్‌ల గుర్తులు లేబుళ్లలో ఇంకా ఉన్నాయని అర్థం. ముందు ఎన్‌డీసీటీఎల్ లిస్ట్ --నేమ్‌స్పేసెస్ --ఐడిల్ అని చూసి, అక్కర్లేనివి తీసేయండి:

ఎన్‌డీసీటీఎల్ డిస్ట్రాయ్-నేమ్‌స్పేస్ --ఫోర్స్ నేమ్‌స్పేస్0.0

అసలు రీజియన్లే కనిపించకపోతే ఎల్ఎస్‌మాడ్‌లో ఎన్‌ఫిట్, ఎన్‌డీ_పీమెమ్ అనే కెర్నల్ మాడ్యూల్స్ ఉన్నాయా చూడండి.

నేమ్‌స్పేస్: అసలు నిర్ణయం ఇక్కడే

నాలుగు రకాలున్నాయి. ఎఫ్ఎస్‌డాక్స్ అంటే పైన ఫైల్‌సిస్టమ్ వేసుకుని, పేజీ క్యాష్ మధ్యలో లేకుండా ప్రోగ్రామ్ నేరుగా మెమరీని తాకేలా చేసేది, ఇలా నేరుగా తాకడాన్నే డాక్స్ అంటారు. డెవ్‌డాక్స్ అంటే ఫైల్‌సిస్టమ్ లేకుండా మొత్తం ఒకే డివైస్‌గా ఇచ్చేది, వర్చువల్ మెషిన్లకు ఇవ్వడానికో ర్యామ్‌గా మార్చుకోవడానికో వాడతారు. సెక్టర్ అంటే దీన్ని ఒక వేగమైన డిస్క్‌లా చూపించేది. రా అనేది ఉంది కానీ మీకు దానితో పనిలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. మీ సాఫ్ట్‌వేర్‌కు పర్సిస్టెంట్ మెమరీ గురించి తెలియకపోతే, అంటే మామూలు పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, కాలేజీ ఈఆర్‌పీ లాంటివి అయితే, సెక్టర్ మోడ్ పెట్టుకుని హాయిగా ఉండండి. ఆ ప్రోగ్రామ్‌లు డిస్క్ సెక్టర్ రాస్తే పూర్తిగా రాసుంటుంది లేదా అసలు రాయకుండా ఉంటుంది అన్న నమ్మకం మీద నడుస్తాయి. పర్సిస్టెంట్ మెమరీకి దానంతట అదిగా ఆ హామీ లేదు, సెక్టర్ రాస్తుండగా కరెంటు పోతే సగం కొత్తది సగం పాతది మిగిలిపోవచ్చు. సెక్టర్ మోడ్ ఆ హామీని పైన కలిపి ఇస్తుంది. మన దగ్గర వాన గాలి వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు, యూపీఎస్ బ్యాటరీ ఆ రోజే మొరాయిస్తుంది. దానికి కమాండ్:

ఎన్‌డీసీటీఎల్ క్రియేట్-నేమ్‌స్పేస్ --మోడ్=సెక్టర్ --రీజియన్=రీజియన్0

/డెవ్/పీమెమ్0ఎస్ అనే డివైస్ వస్తుంది. చివర ఎస్ చూశారా, సెక్టర్ అన్నదానికి గుర్తు. దానిమీద ఎప్పటిలాగే ఫైల్‌సిస్టమ్ వేసి మౌంట్ చేయడమే, సెక్టర్ మోడ్ పెట్టుకున్నవాళ్ల పని అయిపోయింది, పవర్ టెస్టు దగ్గరకు దూకేయండి.

నేరుగా మెమరీలా వాడే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు ఎఫ్ఎస్‌డాక్స్:

ఎన్‌డీసీటీఎల్ క్రియేట్-నేమ్‌స్పేస్ --మోడ్=ఎఫ్ఎస్‌డాక్స్ --రీజియన్=రీజియన్0

756 ఇస్తే 744.19 జీఐబీ మాత్రమే వస్తుంది. మిగతా 12 ఎక్కడికి పోయిందంటే, ప్రతి 4 కేబీ పేజీకి కెర్నల్ 64 బైట్ల లెక్క రాసుకుంటుంది, అంటే అరవై నాలుగో వంతు. ఆ లెక్కల పుస్తకం మామూలుగా ఆప్టేన్‌లోనే ఉంటుంది. --మ్యాప్=మెమ్ అని ఇస్తే దాన్ని ర్యామ్‌లో పెడుతుంది, కొంచెం వేగం వస్తుంది కానీ ఖరీదైన ర్యామ్‌లోంచి 12 జీబీ పోతుంది. దాని జోలికి పోకపోవడమే మంచిది.

మొత్తం ఒకటే కాకుండా ముక్కలు కావాలంటే --సైజ్ ఇవ్వాలి. ఇక్కడ ఒక చిన్న చికాకు. --సైజ్=100జీ అంటే ఎర్రర్ కొడుతుంది, సైజు ఇంటర్‌లీవ్ వెడల్పు 6కు, అలైన్‌మెంట్‌కు సరిపోవాలి అంటూ ఏదో చెప్పి, ఈ సైజు అనుకున్నారా అని ఒక అంకె కూడా సూచిస్తుంది. 2 ఎంబీ చొప్పున ఆరు మాడ్యూల్స్ మీద సమానంగా పరచాలి కాబట్టి 12 ఎంబీతో నిశ్శేషంగా భాగించబడాలన్నమాట. గుర్తుపెట్టుకోవడానికి తేలిక దారి: ఆరు మాడ్యూల్స్ ఉన్నప్పుడు జీబీ అంకె మూడుతో భాగించబడేలా ఇవ్వండి. 99 ఇవ్వండి, 102 ఇవ్వండి, 300 ఇవ్వండి, నోరెత్తకుండా తీసుకుంటుంది.

ఫైల్‌సిస్టమ్, మౌంట్

ఎంకేఎఫ్ఎస్.ఎక్స్ఎఫ్ఎస్ -ఎఫ్ -ఎం రీఫ్లింక్=0 -డీ ఎస్‌యూ=2ఎం,ఎస్‌డబ్ల్యూ=1 /డెవ్/పీమెమ్0

రీఫ్లింక్‌ను (రెండు ఫైళ్లు ఒకే డేటాను పంచుకునే సౌకర్యం) ఎందుకు ఆపుతున్నామంటే, చాలా కెర్నల్స్‌లో రీఫ్లింక్, డాక్స్ ఒకేచోట ఇమడవు, కానీ కొత్త ఎక్స్ఎఫ్ఎస్ టూల్స్ రీఫ్లింక్‌ను అడక్కుండానే ఆన్ చేస్తాయి. 2ఎం అన్నది ఫైళ్లు 2 ఎంబీ హద్దుల మీద మొదలయ్యేలా చూడటానికి. అలా ఉంటేనే కెర్నల్ పెద్ద పేజీలు వాడగలదు. ఈఎక్స్‌టీ4 అలవాటున్నవాళ్లు అదీ వాడొచ్చు, బ్లాక్ సైజు 4096 ఉండాలి.

మౌంట్ -ఓ డాక్స్=ఆల్వేస్ /డెవ్/పీమెమ్0 /పీమెమ్

5.8కి ముందు కెర్నల్స్‌లో ఉత్త డాక్స్ అని ఇవ్వాలి, ఒకటి తీసుకోకపోతే ఇంకోటి ప్రయత్నించండి. మౌంట్ అయింది కదా అని వదిలేయకండి. కొన్ని సందర్భాల్లో డాక్స్ కుదరకపోతే కిక్కురుమనకుండా మామూలుగా మౌంట్ చేసేస్తుంది, మీరేమో ఆప్టేన్ ఇంతేనా అని తిట్టుకుంటుంటారు. డీఎంఈఎస్‌జీ కమాండ్ చూపించే కెర్నల్ లాగ్‌లో డాక్స్ ఎనేబుల్డ్ అన్న మాట, మౌంట్ కమాండ్ చూపించే వరుసలో డాక్స్ అన్న మాట, రెండూ ఉన్నాయా చూడండి.

ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డివైస్ పేరు కాకుండా బీఎల్‌కేఐడీ చూపించిన యూయూఐడీ రాయండి. రీబూట్‌కు పీమెమ్0, పీమెమ్1 అటూ ఇటూ కావచ్చు. ఆప్షన్లలో నోఫెయిల్ కలపండి, ఒక మాడ్యూల్ అలిగిన రోజున సర్వర్ మొత్తం ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోకుండా ఉంటుంది. రాత్రిపూట మడికొండ ఐటీ పార్క్ దాకా బండి వేసుకుని పోవాల్సిన అవసరం తప్పుతుంది.

రెండు సాకెట్ల సర్వర్‌లో ఇంకో మాట. రీజియన్0 మొదటి సాకెట్‌ది. రెండో సాకెట్‌లో నడిచే ప్రోగ్రామ్ దాన్ని వాడితే పని మధ్యలో సాకెట్ దాటి రావాలి, వేగం బాగా పడిపోతుంది. ఏ ప్రోగ్రామ్ ఏ పీమెమ్‌ను వాడుతుందో దాన్ని ఆ సాకెట్‌కే కట్టేయండి:

న్యూమాసీటీఎల్ --సీపీయూనోడ్‌బైండ్=0 --మెమ్‌బైండ్=0 మీ_ప్రోగ్రామ్

నిజంగా నిలుస్తుందా? ప్లగ్ పీకి చూడండి

అసలు డేటా పెట్టకముందే ఈ పరీక్ష చేయాలి. /పీమెమ్‌లో ఒక పెద్ద ఫైలు కాపీ చేయండి, సింక్ కొట్టండి, షా256సమ్ తీసి కాగితం మీదో ఫోన్‌లోనో పెట్టుకోండి. ఇప్పుడు షట్‌డౌన్ కాదు, రెండు పవర్ సప్లైల ప్లగ్‌లూ పీకేయండి. కాసేపాగి ఆన్ చేసి సమ్ మళ్లీ తీయండి. సరిపోవాలి. తర్వాత సెన్సర్ పట్టిక తెరిచి డర్టీషట్‌డౌన్‌కౌంట్‌ను ముందు రాసుకున్న అంకెతో పోల్చండి. పెరిగితే ఆ సర్వర్‌లో పవర్ సప్లై, బయోస్ సెట్టింగులు ఏదో ఒకటి తేడాగా ఉన్నాయి, అలాంటి దాన్ని డేటాకు నమ్మొద్దు.

లోపల జరిగేది ఇది: కరెంటు పోగానే పవర్ సప్లైలో మిగిలిన కొద్దిపాటి శక్తితో మెమరీ కంట్రోలర్ తన వరుసలో ఉన్న రాతలన్నీ ఆప్టేన్‌లోకి తోసేస్తుంది. దీన్ని ఏడీఆర్ అంటారు. ప్రాసెసర్ క్యాష్‌లో ఉండిపోయింది మాత్రం ఇందులోకి రాదు. ఫైల్‌సిస్టమ్ వాడే ప్రోగ్రామ్ ఎఫ్‌సింక్ పిలిస్తే కెర్నల్ ఆ క్యాష్‌ను కూడా ఖాళీ చేయిస్తుంది, పిలవకపోతే ఆఖరి క్షణంలో రాసింది పోతుంది. పర్సిస్టెంట్ అన్న పేరు చూసి ఎఫ్‌సింక్‌లు తీసేసే మహానుభావులుంటారు, వాళ్ల మాట వినొద్దు.

ర్యామ్‌గా మార్చుకోవడం

వర్చువల్ మెషిన్లకు ర్యామ్ చాలట్లేదు, డేటా నిలవాల్సిన అవసరం లేదు అనుకునేవాళ్లకు. ముందు డెవ్‌డాక్స్ నేమ్‌స్పేస్:

ఎన్‌డీసీటీఎల్ క్రియేట్-నేమ్‌స్పేస్ --మోడ్=డెవ్‌డాక్స్ --రీజియన్=రీజియన్0

తర్వాత:

డాక్స్‌సీటీఎల్ రీకాన్ఫిగర్-డివైస్ --మోడ్=సిస్టమ్-ర్యామ్ డాక్స్0.0

ఇప్పుడు న్యూమాసీటీఎల్ --హార్డ్‌వేర్ అని చూస్తే ప్రాసెసర్లు లేని ఒక కొత్త నోడ్ కనిపిస్తుంది, అదే మన ఆప్టేన్. మెమరీ మోడ్‌తో పోలిస్తే ఇక్కడ లాభం, అసలు ర్యామ్ కూడా లెక్కలో ఉంటుంది, ఏ ప్రోగ్రామ్ వేగమైనదాంట్లో ఉండాలో ఏది నెమ్మదైనదాంట్లో ఉండాలో మీరే చెప్పొచ్చు. ఇటీవలి కెర్నల్స్‌లో /సిస్/కెర్నల్/ఎంఎం/న్యూమా/డిమోషన్_ఎనేబుల్డ్ ఫైల్‌లో ట్రూ అని రాస్తే, ఎక్కువగా వాడని పేజీలను కెర్నలే ఆప్టేన్‌లోకి దించుతుంది.

బ్యాకప్, ఆపైన అమ్మకం

కాన్ఫిగరేషన్‌ను దాచుకోవడానికి:

ఐపీఎంసీటీఎల్ డంప్ -డెస్టినేషన్ పీమెమ్.కాన్ఫ్ -సిస్టమ్ -కాన్ఫిగ్

ఇది సెట్టింగుల కాపీ మాత్రమే, డేటా కాపీ కాదు. డేటాకు మామూలు బ్యాకప్ ఉండాల్సిందే, రోజూ వేరే డిస్క్‌కు. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌తో మిర్రర్ చేద్దామంటే సెక్టర్ మోడ్‌లో చేసుకోవచ్చు కానీ డాక్స్ ఉండదు. మాడ్యూల్స్ శుభ్రం చేయడానికి బయటకు తీస్తే ఏది ఏ స్లాట్‌దో స్టిక్కర్ వేసి, మళ్లీ అక్కడే పెట్టండి. వరుస తప్పితే రీజియన్ విరిగిపోతుంది. ఎన్‌డీసీటీఎల్ లిస్ట్ --డిమ్స్ --హెల్త్ అన్న కమాండ్‌ను వారానికోసారి క్రాన్‌లో పెట్టి మెయిల్ తెప్పించుకుంటే చాలు.

సర్వర్ అమ్మేసేటప్పుడు హార్డ్ డిస్కులు తీసేసి ఇచ్చే అలవాటు అందరికీ ఉంది, ర్యామ్ స్లాట్లలో మీ డేటా ఉంటుందన్నది గుర్తుండదు. నేమ్‌స్పేస్‌లు తీసేసి, రీజియన్లు డిజేబుల్ చేసి, ఒక్కో మాడ్యూల్‌ను చెరిపేయండి:

ఎన్‌డీసీటీఎల్ శానిటైజ్-డిమ్ --క్రిప్టో-ఎరేస్ ఎన్‌మెమ్0

లోపల డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది కాబట్టి ఇది తాళంచెవిని మార్చేస్తుంది, క్షణాల్లో అయిపోతుంది. సెక్యూరిటీ ఫ్రోజెన్ అని చూపిస్తే బయోస్ అడ్డుపడుతోందన్నమాట, బయోస్ మెనూలోంచే ఎరేస్ చేయాలి.

మాడ్యూల్స్ లేవు, నేర్చుకోవాలంటే?

నిట్‌లోనో కాకతీయ యూనివర్సిటీలోనో చదువుకునే పిల్లలు అడుగుతుంటారు, కంపెనీ ఆపేసినదాన్ని ఇప్పుడు నేర్చుకుని ఏం లాభం అని. సీఎక్స్ఎల్ (సర్వర్‌కు మెమరీని తగిలించే కొత్త కనెక్షన్ పద్ధతి) మెమరీ వస్తోంది, దాని టూల్ ఎన్‌డీసీటీఎల్ ప్రాజెక్టులోనే ఉంది, రీజియన్లు, డాక్స్ డివైస్‌లు, సిస్టమ్ ర్యామ్‌గా మార్చడం అన్నీ ఇవే. ఇక్కడ చేయి తిరిగితే అక్కడ కొత్తగా నేర్చుకునేది తక్కువ.

16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటు చాలు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో, పెద్ద అక్షరాల్లో ఉండే గ్రబ్_సీఎండీలైన్_లినక్స్ వరుసలో ఇది కలపండి:

మెమ్‌మ్యాప్=4జీ!12జీ

12 జీబీ దగ్గర మొదలుపెట్టి 4 జీబీ ర్యామ్‌ను పర్సిస్టెంట్ మెమరీ అనుకో అని కెర్నల్‌కు చెప్పడం. ఆ అడ్రస్‌లో నిజంగా ర్యామ్ ఉందో లేదో ముందే డీఎంఈఎస్‌జీలో ఈ820 వరుసల్లో (బయోస్ ఇచ్చే మెమరీ పటం) చూసుకోండి, యూజబుల్ అన్న పరిధిలో ఉండాలి. అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేస్తే /డెవ్/పీమెమ్0 ప్రత్యక్షమవుతుంది. ఐపీఎంసీటీఎల్ ఇక్కడ పనిచేయదు, నిజమైన మాడ్యూల్ లేదు కదా, కానీ ఎన్‌డీసీటీఎల్ భాగమంతా సాధన చేయొచ్చు. మొదట రా మోడ్‌లో ఉంటుంది, మార్చాలంటే:

ఎన్‌డీసీటీఎల్ క్రియేట్-నేమ్‌స్పేస్ --ఫోర్స్ --రీకాన్ఫిగ్=నేమ్‌స్పేస్0.0 --మోడ్=ఎఫ్ఎస్‌డాక్స్

ఆపైన ఎంకేఎఫ్ఎస్, డాక్స్ మౌంట్ అన్నీ పైన రాసినట్టే. ప్లగ్ పీకే పరీక్ష ఒక్కటే దీంతో కుదరదు, ల్యాప్‌టాప్ ఆపితే ఇందులోది పోతుంది. సాధన అయ్యాక గ్రబ్‌లోంచి ఆ ముక్క తీసేసి, మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీబూట్ చేస్తే మీ 4 జీబీ మీకు తిరిగి వచ్చేస్తుంది.